వంటింటి తొక్కల నుంచి అక్వేరియం దాకా: ఇంట్లో వానపాముల పెంపకం

బాల్కనీలో వానపాముల టబ్బు పెట్టిన నాలుగో నెలలో, బాగా ఎదిగిన ఒక వానపామును కడిగి, ముక్కలు చేసి అక్వేరియంలో వేశాను. ఏంజెల్ చేప దూసుకొచ్చి నోట్లోకి తీసుకుంది. మరుక్షణమే ఉమ్మేసింది. ఇంకో చేప వచ్చి అదే ముక్కను అందుకుంది, అదీ ఉమ్మేసింది. కాసేపటికి ముక్కలన్నీ అడుగున ఇసుక మీద పడి ఉన్నాయి. చేపలకు ఒంట్లో బాగాలేదేమోనని ఆ రాత్రంతా నాకు టెన్షనే. చేపలకు ఏమీ కాలేదు. నేను తెచ్చి పెంచిన రకమే చేపల మేతకు పనికిరానిది.

వానపాముల ఎరువు గురించి తెలుగులో సమాచారం బోలెడు దొరుకుతుంది. అదంతా పొలం కోసం, టన్నుల లెక్కలో ఉంటుంది. ఇంట్లో ఒక టబ్బు పెట్టి, కూరగాయల తొక్కలను ఎరువుగా మార్చుకుంటూ, ఆ టబ్బులోంచే వారానికి రెండుసార్లు చేపలకు మేత తీయాలంటే లెక్క వేరు. ఎరువు ఒక్కటే కావాలనుకుంటే టబ్బులో ఏం వేసినా ఎంతో కొంత సర్దుకుపోతుంది. చేపలకు పెట్టాలనుకుంటే అలా కుదరదు. టబ్బులో వేసిన ప్రతిదీ వానపాము పొట్టలోకి, అక్కడి నుంచి చేప పొట్టలోకి వెళ్తుంది. కింద చెప్పే పద్ధతంతా ఈ ఒక్క విషయాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే.

ముందు రకం తేల్చుకోండి

పెరట్లో తవ్వితే దొరికే వానపాములు, గాలం వేసేవాళ్లు ఎర్రలు అని పిలిచేవి, టబ్బులో బతకడం కష్టం. వాటిలో ఎక్కువ రకాలు మట్టిలో లోతుగా బొరియలు చేసుకుని, మట్టినే తింటూ బతుకుతాయి. మనకు కావలసినవి నేల పైపొరలో, కుళ్లే ఆకుల మధ్య, పేడకుప్పల్లో బతికే రకాలు. ఇంటి పెంపకానికి మన దగ్గర ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది ఐసీనియా ఫెటిడా. ఒంటి మీద ఎరుపు, పసుపు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి పులిచారల్లా కనిపిస్తాయి. ఎరువు చేయడంలో దీనికి మంచి పేరుంది. చలి తట్టుకుంటుంది, ఇరుకులోనూ పిల్లలు పెడుతుంది. కానీ దీన్ని నొక్కినా, కోసినా ఒంట్లోంచి పసుపు ద్రవం వస్తుంది. దాని వాసన చెడ్డగా ఉంటుంది. ‘ఫెటిడా’ అన్న లాటిన్ మాటకు అర్థమే దుర్వాసన గలది అని. ఆ ద్రవంలో లైసెనిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. వెన్నెముక ఉన్న జంతువుల ఎర్ర రక్తకణాలను అది పగలగొట్టగలదు. నా ఏంజెల్ చేపలు ఉమ్మేసింది ఈ రకాన్నే.

రెండోది యూడ్రిలస్ యూజీనియే. ఆఫ్రికన్ నైట్ క్రాలర్ అని కూడా అంటారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన పెద్ద రకం. ముదురు గోధుమ రంగు మీద ఊదా మెరుపు ఉంటుంది. వేగంగా తింటుంది, వేగంగా పెరుగుతుంది, 25 నుంచి 30 డిగ్రీల వేడి దీనికి సుఖం. 35 దాటితే చనిపోతుంది. గోల్డ్‌ఫిష్, ఆస్కార్ లాంటి పెద్ద చేపలకు ఇది బాగా సరిపోతుంది.

మూడోది మన దేశపు రకం, పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. సన్నగా ఉంటుంది, వెలుతురులో నీలం, ఊదా రంగులు తళతళలాడతాయి. ముట్టుకుంటే చాలు, మెలికలు తిరుగుతూ పారిపోతుంది. మన వేడికి, మన తేమకు అలవాటు పడ్డ జీవి. చెన్నైకి చెందిన వానపాముల శాస్త్రవేత్త సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ స్థానిక రకాలతోనే ఎరువు చేసుకోవచ్చని ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చారు. చేపలకు పెట్టడానికి నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. సన్నగా ఉంటుంది కాబట్టి మధ్యస్థమైన చేపలకు పెద్దగా కోయాల్సిన పనిలేదు. ఒకటే ఇబ్బంది, వానాకాలంలో రాత్రిళ్లు టబ్బు దాటి బయటికి వచ్చేస్తుంటుంది. మూత, వల తప్పనిసరి.

వానపాములను వర్మీకంపోస్టు యూనిట్లలో, చాలా కృషి విజ్ఞాన కేంద్రాల్లో అమ్ముతారు. చాలాచోట్ల మొదటి రెండు రకాలు కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ‘ఎరువు వానపాములు ఇవ్వండి’ అని అడిగి ఊరుకోకండి. చేపలకు పెట్టడానికని చెప్పి, ఒక గుప్పెడు తెల్ల కాగితం మీద వేయించుకుని చూడండి. పసుపు చారలున్నవి తీసేయమనండి. మొదటిసారికి పావు కిలో చాలు.

టబ్బు

40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకోండి. లోతు ఒక అడుగు ఉంటే చాలు. ఈ వానపాములు పైపొరలోనే తిరుగుతాయి కాబట్టి లోతు కంటే వెడల్పే ముఖ్యం. తెల్లటి, వెలుతురు దూరే టబ్బు వద్దు, వాటికి వెలుతురు గిట్టదు. అడుగున పది, పక్కల్లో పైభాగంలో మరో పది చిన్న రంధ్రాలు వేయండి. లోపలి నుంచి దోమతెర ముక్కలు అతికించండి. టబ్బును స్టూలు మీద గానీ ఇనుప స్టాండు మీద గానీ పెట్టి, కారే నీటికి కింద ఒక పళ్లెం ఉంచండి.

మట్టి కుండలు, గోలేలు దొరికితే ఇంకా మంచిది. కుండ గోడల్లోంచి నీరు ఆవిరవుతూ లోపల చల్లగా ఉంచుతుంది. మే నెలలో ఈ చల్లదనమే వాటి ప్రాణం నిలబెడుతుంది. కాకపోతే కుండ బరువు, పైగా అంత వెడల్పు ఉండదు. నేను పెద్ద టబ్బు ఒకటి, మట్టి గోలెం ఒకటి నడుపుతున్నాను. ఒకదానిలో ఏదైనా తేడా వస్తే రెండోదానిలో విత్తనం మిగులుతుంది.

నేరుగా ఎండ పడని చోటు చూసుకోండి. పొద్దున ఎండ కూడా వద్దు. వాషింగ్ మెషీన్ పక్కన పెట్టకండి, ఆ అదురుకు అవి బయటికి పాకుతాయి.

బెడ్డు

వానపాముకు ఊపిరితిత్తులు లేవు. తడిగా ఉన్న చర్మం ద్వారానే గాలి పీలుస్తుంది. చర్మం ఎండితే ఊపిరాడదు, నీళ్లు నిలిచి గాలి అందకపోయినా ఊపిరాడదు. తడిని పట్టి ఉంచాలి, మెత్తగా గుల్లగా కూడా ఉండాలి. ఆ రెండూ కుదిరేలా బెడ్డు, అంటే వానపాములు ఉండే మెత్తటి పరుపు, తయారుచేయడంలోనే సగం పని ఉంది.

అడుగున రెండు అంగుళాల మందాన కొబ్బరి పీచు పరవండి. దాని మీద కొబ్బరి పొట్టు, చింపిన అట్టపెట్టె ముక్కలు, ఎండుటాకులు, బాగా మాగిన పశువుల పేడ కలిపి ఆరేడు అంగుళాలు వేయండి. కొబ్బరి పొట్టును ముందు రెండు మూడు నీళ్లలో నానబెట్టి పిండాలి. దానిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తగిలితే వానపాము ఒళ్లు మంటెత్తి మెలికలు తిరిగిపోతుంది. అట్టపెట్టెల మీది టేపు, రంగురంగుల నున్నటి కాగితం తీసేయండి. మామూలు దినపత్రిక కాగితం పర్వాలేదు. చివరగా పిడికెడు మట్టి, రెండు చెంచాల గుడ్డుపెంకుల పొడి కలపండి. వానపాముకు పళ్లుండవు. కోడికి కందనకాయ ఉన్నట్టే దీని పొట్టలోనూ కండరాల సంచి ఒకటి ఉంటుంది. తిన్నదాన్ని ఇసుక రేణువుల సాయంతో అందులోనే నూరుకుంటుంది.

పేడ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పచ్చి పేడ వద్దు. అది కుళ్లేటప్పుడు వేడెక్కుతుంది, అమ్మోనియా వాయువు వదులుతుంది. రెండింటిలో ఏది తగిలినా వానపాములు చనిపోతాయి. నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టి, అప్పుడప్పుడు తిరగేసి, వాసన పోయాక వాడండి. ఇంకొకటి, ఆ పశువులకు ఈమధ్య నట్టల మందు తాగించారేమో తప్పకుండా అడగండి. పశువు పొట్టలో పురుగులను చంపే ఆ మందు కొంత పేడలోకీ వస్తుంది. మందు తాగించి నెలైనా దాటని పేడ తీసుకోకండి. అనుమానంగా ఉంటే పేడ మానేసి కొబ్బరి పొట్టు, ఎండుటాకులు, అట్టముక్కలతోనే సరిపెట్టండి. చేపల కోసం పెంచే టబ్బుకు నిజానికి అదే శుభ్రం.

తడి ఎంత ఉండాలి? పిడికెడు బెడ్డు తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో రెండు మూడు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువ, ఏమీ రాకపోతే తక్కువ. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి రాత్రంతా బకెట్లో పట్టి ఉంచి వాడండి. అంతకన్నా మంచిది అక్వేరియంలోంచి తీసిన పాత నీరు. అందులో క్లోరిన్ ఉండదు, చేపల వ్యర్థం ఉంటుంది, బెడ్డులోని సూక్ష్మజీవులకు అది బలం. అయితే చేపలకు మందు వేసిన వారాల్లో, ఉప్పు కలిపిన వారాల్లో ఆ నీరు టబ్బులో పోయకండి.

ఇలా కలిపిన బెడ్డును వారం నుంచి పది రోజులు వదిలేయండి. తర్వాత మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకో వారం ఆగండి.

వానపాములను వదలడం

సాయంత్రం పూట వదలండి. తెచ్చిన సంచిని అలాగే బెడ్డు మీద బోర్లించండి, వాటంతట అవే లోపలికి దిగుతాయి. పావుగంటలో దిగనివి, కదలనివి చచ్చిపోతున్నవే, తీసేయండి. మొదటి రెండు రాత్రులు టబ్బు పైన చిన్న బల్బు వెలిగించి ఉంచండి. కొత్త చోటు నచ్చక పారిపోదామనుకున్నా వెలుతురుకు భయపడి లోపలే ఉండిపోతాయి. మూడో రోజుకు అలవాటు పడతాయి. తడిపిన గోనెపట్టా కప్పండి. మొదటి వారం ఏ తొక్కలూ వేయకండి, బెడ్డులో ఉన్నదే వాటికి చాలు.

మేత: ఏం వేయాలి, ఏం వేయకూడదు

కొత్తగా పెట్టినవాళ్ల టబ్బులు ఎక్కువగా పాడయ్యేది మేత దగ్గరే. కారణం ప్రేమ ఎక్కువై అతిగా వేయడం.

పుస్తకాల్లో వానపాము రోజుకు తన బరువులో సగం తింటుందని రాస్తారు. అది కుదురుకున్న టబ్బు సంగతి. కొత్త టబ్బులో పావు కిలో వానపాములకు రెండు రోజులకు ఒకసారి 50 గ్రాములు, అంటే ఒక గుప్పెడు తొక్కలు వేయండి. వేసింది దాదాపు మాయమైతేనే మళ్లీ వేయాలి. నెల గడిచాక రోజుకు 100 గ్రాముల దాకా పోవచ్చు. నిజానికి వానపాములు తొక్కను నేరుగా తినవు. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియాను, శిలీంధ్రాలను, మెత్తబడిన పదార్థాన్ని తింటాయి. అందుకే చిన్న ముక్కలుగా తరిగి వేస్తే త్వరగా అయిపోతుంది. నేను తొక్కలను డబ్బాలో పోసి ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టి, కరిగాక వేస్తాను. గడ్డకట్టి కరిగితే మెత్తబడతాయి, వాటి మీదున్న పండుఈగల గుడ్లూ చస్తాయి.

సొరకాయ, దోసకాయ, పొట్లకాయ చెక్కులు, అరటి తొక్కలు, బొప్పాయి, పుచ్చకాయ తొక్కలు, తోటకూర కాడలు వాటికి ఇష్టం. (బీరకాయ తొక్కు మా ఇంట్లో టబ్బు దాకా రాదు, పచ్చడికే సరిపోతుంది.) పాలు, చక్కెర కలపని టీ పొడి కొంచెం వేయవచ్చు. అరటి, మామిడి లాంటి పళ్ల తొక్కల మీద మందుల అవశేషాలు ఉండవచ్చు కాబట్టి ముందు నీళ్లలో నానబెట్టి కడగండి. ఎరువు ఒక్కటే చేసుకునేవాళ్లకు ఇంత పట్టింపు అక్కర్లేదు. చేపల కోసమైతే తప్పదు.

వేయకూడనివి మన వంటింట్లోంచే ఎక్కువగా వస్తాయి. చింతపండు పిప్పి, నిమ్మ, బత్తాయి తొక్కలు పుల్లదనం పెంచుతాయి. పచ్చిమిర్చి తొడిమలు, ఉల్లి, వెల్లుల్లి పొట్టు వాటి చర్మానికి పడవు. పోపు వేసిన కూర, పచ్చడి, ఉప్పు, నూనె తగిలిన ఏ పదార్థమూ వద్దు. పాలు, పెరుగు, మాంసం, చేప ముల్లు వేస్తే కంపు కొడుతుంది, ఎలుకలు వస్తాయి. మిగిలిన అన్నం, పప్పు చూడ్డానికి హాని లేనట్టే ఉంటాయి కానీ త్వరగా పులుస్తాయి. మా ఇంటికి వచ్చిన పెద్దమ్మ ఒకసారి జాలిపడి, ‘పాపం, ఇవీ తింటాయిలే’ అని పప్పన్నం వేసింది. మూడు రోజుల తర్వాత చూస్తే కొన్ని వానపాముల ఒళ్లు పూసలు గుచ్చిన దారంలా అక్కడక్కడా ఉబ్బి, నొక్కుకుపోయి కనిపించాయి. పప్పు లాంటి ప్రొటీను ఎక్కువై, పులిసి, వాటి పొట్టలో గ్యాసు పుట్టినప్పుడు వచ్చే రోగమది. అలా కనిపిస్తే వేసినదంతా తీసేసి, కొత్త కొబ్బరి పొట్టు, గుడ్డుపెంకుల పొడి కలిపి, వారం పాటు మేత ఆపండి.

పుల్లదనం తగ్గించడానికి గుడ్డుపెంకుల పొడి మాత్రమే వాడండి. తాంబూలంలో వేసే సున్నం వేయవద్దు, అది వాటి చర్మాన్ని కాల్చేస్తుంది.

మేత ఎప్పుడూ పైన చల్లకండి. ఒక మూల గుంట చేసి పాతిపెట్టి, రెండు అంగుళాల బెడ్డు కప్పండి. తర్వాతిసారి ఇంకో మూల. నాలుగు మూలలూ తిరిగి మొదటి మూలకు వచ్చేసరికి అక్కడిది అయిపోయి ఉండాలి. అయిపోకపోతే మీరు ఎక్కువ వేస్తున్నట్టే లెక్క.

సరిగ్గా నడిచే టబ్బు దగ్గర తొలకరి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. పక్కింటి పిన్నిగారు మూడు నెలల తర్వాత ‘అమ్మాయ్, ఆ డబ్బాలో ఏం పెంచుతున్నావు?’ అని అడిగే దాకా ఆమెకు విషయమే తెలియదు. కుళ్లు కంపు వచ్చిందంటే తడి ఎక్కువైంది లేదా మేత ఎక్కువైంది. మేత ఆపి, పొడి అట్టముక్కలు కలిపి, చేత్తో గుల్లగా తిరగేయండి. నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది.

ఎండలు, వానలు, చీమలు

నా మొదటి టబ్బు పోయింది ఏప్రిల్ చివర్లో. ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చేసరికి పడమటి ఎండ బాల్కనీలోకి దిగి, టబ్బును ఉడికించేసింది. మూత తీస్తే ఒక్కటీ మిగల్లేదు. ఆ బాధ మీకు వద్దు. మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా టబ్బును ఇంట్లో చల్లటి మూలకు మార్చండి. గోనెపట్టాను రోజుకు రెండుసార్లు తడపండి. మేత సగానికి తగ్గించండి, ఎందుకంటే కుళ్లే మేతకు సొంతంగానూ వేడి పుడుతుంది. మామిడిపళ్ల రోజుల్లో ఇంటినిండా తొక్కలుంటాయి, అన్నీ టబ్బులో వేయాలనిపిస్తుంది. కొంచెమే వేయండి. తీపి తొక్కలు పులిసి వేడెక్కడమే కాక పండుఈగలను పిలుస్తాయి. మరీ వడగాడ్పులు వీచే రోజుల్లో ప్లాస్టిక్ సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, బెడ్డు మీద ఒక పక్కన పెట్టండి. వానపాములే దాని చుట్టూ చేరతాయి.

వానాకాలంలో కష్టం ఇంకోలా ఉంటుంది. ముసురు పట్టిన రాత్రులు గోడలెక్కుతాయి. నీళ్లు అసలు పోయకండి, పొడి అట్టముక్కలు పైన పొరగా వేయండి, అలాంటి రాత్రి బల్బు మళ్లీ వెలిగించండి. చలికాలంలో హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు రాత్రి వేడి బాగా పడిపోయినప్పుడు యూడ్రిలస్ మందగిస్తుంది. టబ్బును గదిలోకి తెచ్చుకోవడం తప్ప పెద్దగా చేయాల్సింది లేదు.

చీమలు వచ్చాయంటే బెడ్డు ఎండిపోయిందని అర్థం. ఎర్రచీమలు చిన్న వానపాములను బతకనివ్వవు. స్టాండు కాళ్లను నీళ్లు పోసిన గిన్నెల్లో పెట్టండి, మన అమ్మమ్మలు మిఠాయి డబ్బాలకు చేసినట్టే. చీమల చాక్‌పీసు, స్ప్రేలు, దోమల మందులు టబ్బు దగ్గరికి రానివ్వకండి. వాటిలోని పురుగుమందులు వానపాములకూ విషమే, చేపలకైతే ఇంకా ఘోరమైన విషం. జెర్రి కనబడితే ఏరి పారేయండి. కోళ్లు, ఎలుకలు, పందికొక్కులు ఉన్నచోట ఇనుప వల మూత కావాలి. తెల్లగా, లావుగా, కొద్దిగా చారలతో పురుగులు కనిపిస్తే భయపడకండి. అవి ఎక్కువగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలే. వానపాములను ఏమీ చేయవు, కానీ మేత తినేస్తాయి, గుంపుగా ఉంటే బెడ్డును వేడెక్కిస్తాయి. మేత లోతుగా పాతితే తగ్గిపోతాయి.

పిల్లలు, ఎరువు

వానపాములో ఆడ, మగ అవయవాలు రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి. అయినా గుడ్లు పెట్టాలంటే ఎక్కువగా రెండు కలవాల్సిందే. తల వైపున లావుపాటి పట్టీ కనిపించినది ఎదిగిన వానపాము. బెడ్డులో ఆవగింజంత, నిమ్మకాయ ఆకారంలో లేత గోధుమ రంగు గింజలు కనిపిస్తే అవే గుడ్ల సంచులు. రెండు మూడు వారాల్లో పొదిగి, దారపు ముక్కల్లాంటి తెల్లటి పిల్లలు వస్తాయి. అవి ఎదగడానికి ఇంకో నెలన్నర, రెండు నెలలు పడుతుంది.

ఎరువు రెండు నెలలకు తయారవుతుంది. నల్లగా, టీ పొడిలా రాలిపోతుంటే తీయవచ్చు. నాలుగైదు రోజులు నీళ్లు ఆపి, ప్లాస్టిక్ పట్టా మీద కుప్పలుగా పోసి, నీడలో పగటి వెలుతురులో ఉంచండి. వెలుతురుకు వానపాములు కిందికి దిగుతాయి. పావుగంటకొకసారి పైపొర గీరి తీస్తూ పోతే చివరికి అడుగున వానపాముల ముద్ద మిగులుతుంది. గుడ్ల సంచులు ఎరువులోనే ఉండిపోతాయి కాబట్టి అందులో కొంత తిరిగి టబ్బులో వేయండి. కుండీల్లో ఒక వంతు ఎరువుకు మూడు నాలుగు వంతుల మట్టి కలపండి. కరివేపాకు, బచ్చలి, తులసికి నేను ఇదే వేస్తాను. పళ్లెంలో కారిన నల్లటి నీటిని పది వంతుల నీళ్లు కలిపి మొక్కలకు పోయవచ్చు. అక్వేరియంలోని మొక్కలకు ఎరువు గానీ, ఆ నీరు గానీ వేయవద్దు, నీళ్లు పాచిపట్టిపోతాయి.

చేపలకు పెట్టడం

తొందరపడి మొదటి నెలలోనే తీయడం మొదలుపెడితే టబ్బు ఖాళీ అవుతుంది. మూడు నెలలు ఆగండి. ఆ తర్వాత కూడా పట్టీ ఉన్న పెద్దవాటిని గుడ్ల కోసం వదిలేసి, మధ్యస్థమైనవే ఏరండి. ఆరు గోల్డ్‌ఫిష్‌లున్న తొట్టెకు వారానికి ఎనిమిది, పది వానపాములు సరిపోతాయి.

ముందురోజే ఏరి, తడి కాగితం పరిచిన మూత డబ్బాలో ఒక రాత్రీ పగలూ ఉంచండి. పొట్టలోని మట్టి, కుళ్లు బయటికి పోతాయి. ఇది మానేస్తే ఆ మట్టంతా అక్వేరియంలో కలిసి నీళ్లు మసకబారతాయి. మర్నాడు క్లోరిన్ లేని నీళ్లలో రెండు మూడుసార్లు కడగండి. వంటకు వాడని కత్తెర ఒకటి దీనికే కేటాయించి, చేప కన్నంత సైజు ముక్కలుగా కత్తిరించండి. ఆస్కార్ లాంటి పెద్ద చేపకు చిన్న వానపామును మొత్తంగా వేయవచ్చు.

ముందు ఒకే ఒక ముక్క వేసి చూడండి. చేప తిని, ఇంకా కావాలని పైకి చూస్తుంటే మిగతావి వేయండి. ఉమ్మేస్తే ఆపండి. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. మిగిలిన ముక్కలను వల చెంచాతో వెంటనే తీసేయండి, లేకపోతే అవి కుళ్లి అమ్మోనియా పెరిగి చేపల ప్రాణం మీదికి వస్తుంది.

వానపాములో నీరు తీసేస్తే మిగిలేదాంట్లో సగానికి పైగా ప్రొటీనే. అందుకే గుడ్లకు సిద్ధమయ్యే చేపలకు, జబ్బు పడి కోలుకుంటున్న చేపలకు ఇది చాలా మంచిది. అందుకే రోజూ పెట్టకూడదు కూడా. వారానికి రెండుసార్లు చాలు, మిగతా రోజుల్లో మామూలు గింజ మేత, అప్పుడప్పుడు ఉడికించిన పచ్చి బఠాణీ పెట్టండి. ఫైటర్ చేప పొట్ట ఉబ్బితే ఒకట్రెండు రోజులు ఏమీ పెట్టకండి. నాచు తిని బతికే చేపలకు వానపాములు అసలు వద్దు.

ఒకవేళ మీ దగ్గర ఐసీనియా మాత్రమే ఉంటే? దాన్ని ఎరువుకే ఉంచుకోమంటాను. తప్పనిసరైతే మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి, కొద్దిగా ఇవ్వండి. వేడికి ఆ పసుపు ద్రవం విరిగిపోతుంది. పచ్చిగా మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు.

మార్కెట్లో బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు చవగ్గా దొరుకుతాయి, చేపలు ఎగబడి తింటాయి కూడా. కానీ అవి మురుగు బురదలో పెరిగే జీవులు. వాటితో పాటు రోగాలూ తొట్టెలోకి వస్తాయి. సొంతంగా పెంచుకునే శ్రమ పడటానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

గప్పీలు, టెట్రాల కోసం ఒక చిన్న డబ్బా

చిన్న నోటి చేపలకు వానపామును ఎంత సన్నగా తరిగినా ఇబ్బందే. వాటికి గ్రిండల్ పురుగులు పెంచండి. వానపాములకు దూరపు చుట్టాలు. తెల్లగా దారపు పోగంత సన్నగా, సెంటీమీటరు లోపు పొడవుంటాయి. మన ఇళ్లలోని వేడికి బాగానే పెరుగుతాయి, 30 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలు. వీటి అన్నలైన వైట్ వర్మ్స్ అనే పురుగులకు చల్లదనం కావాలి, ఫ్రిజ్ లేకుండా మన దగ్గర బతకవు, కాబట్టి వాటి జోలికి పోకండి.

లీటరు డబ్బా మూతకు సూదితో పది రంధ్రాలు చేసి, బాగా కడిగి పిండిన కొబ్బరి పొట్టు రెండు అంగుళాలు వేయండి. చేపలు పెంచే స్నేహితుల దగ్గర చెంచాడు విత్తనం తెచ్చి కలపండి. పైన చిటికెడు ఓట్స్ పొడి చల్లి, కొద్దిగా నీళ్లు చిలకరించి, దాని మీద చిన్న గాజు పలక ఆనించండి. రెండు వారాల్లో పలక అడుగున పురుగులు తెల్లటి వల అల్లినట్టు చేరతాయి. పలకను తీసి అక్వేరియం నీళ్లున్న చిన్న గిన్నెలో ముంచి కదిపితే పురుగులు జారిపోతాయి. డ్రాపర్‌తో తీసి వేయండి. ఓట్స్ పొడి బూజు పట్టకముందే అయిపోయేంత కొద్దిగా వేయాలి. చిన్న చిన్న నల్లులు (మంచం నల్లులు కావు, మైట్లు) పట్టితే డబ్బాలో నీళ్లు నింపండి. నల్లులు పైకి తేలతాయి, పురుగులు అడుగుకు మునుగుతాయి. పైన తేలినవాటిని వంపేసి, మిగిలినవాటితో కొత్త డబ్బా మొదలుపెట్టండి.

ఎప్పుడూ రెండు డబ్బాలు నడపండి, మూణ్ణెల్లకోసారి బెడ్డు మార్చండి. మార్చేటప్పుడు పాత బెడ్డు పారేయకండి. వానపాముల టబ్బులో కలిపేయండి, అవి దాన్నీ తినేస్తాయి.